వీణకీ గొంతుకీ కలిపి 10 వేలలో ఆడియో ఇంటర్‌ఫేస్ ఎలా చూసుకోవాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తెనాలిలో ఇల్లు, పాడేది నువ్వు, వీణ వాయించేది మీ అక్క, ప్రోగ్రాముల కోసం కొన్న ష్యూర్ ఎస్ఎం58 మైకు ఒకటి చేతిలో ఉంది, విండోస్ లాప్‌టాప్ ఉంది, బడ్జెట్ 10 వేలు. బెహ్రింగర్ యూఎం2, యూఎంసీ202హెచ్‌డీ, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, ఈ మూడు ఇంటర్‌ఫేసుల్లో (మైకు, వాయిద్యం సౌండ్‌ని లాప్‌టాప్‌లోకి పంపే డబ్బాలు) ఏది క్వాలిటీ, ఏది నాయిస్ తక్కువ అని అడిగావు. నేను యూసుఫ్‌గూడలో చిన్న గదిలో 14 ఏళ్లుగా రికార్డింగ్ చేస్తున్నాను, ట్రాక్ వోకల్స్, భక్తి పాటలు, షార్ట్ ఫిల్ముల డబ్బింగ్, అన్నీ ఇలాంటి చిన్న డబ్బాల మీదే మొదలుపెట్టాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ నాయిస్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ భయపడేది అక్కడే. లెక్క వేసి చూపిస్తాను, కష్టం కాదు. మైకుకి దగ్గరగా నిలబడి కాస్త గొంతెత్తి పాడితే మైకు దగ్గర 94 డీబీ ఈజీగా వస్తుంది. ఆ సౌండ్‌కి ఎస్ఎం58 ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు, అంటే సుమారు మైనస్ 52 డీబీయూ (వోల్టేజీని డీబీల్లో చెప్పే కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ చిన్నది). ఇప్పుడు నీ గదిలో ఫ్యాన్ ఆపేసి కిటికీలు మూసేసి రాత్రిపూట కూర్చున్నా ఒక 35 డీబీ రొద ఉంటుందనుకో, అది నిజానికి మంచి గదే. 94 కీ 35 కీ తేడా 59. అంటే గది రొద ఒక్కటే మైకులోంచి మైనస్ 111 డీబీయూ దగ్గర బయటికొస్తుంది. ఇక ప్రీఆంప్, అంటే డబ్బాలో మైకు సిగ్నల్‌ని పెంచే భాగం, సొంతంగా చేసే హిస్ (సన్నటి బుస లాంటి రొద) ఉంటుంది కదా, స్పెక్ షీట్లో ఈఐఎన్ అని రాస్తారు, పేరున్న కంపెనీల చవక డబ్బాల్లో కూడా అది మైనస్ 125, మైనస్ 128 అలా ఉంటుంది. 150 ఓమ్స్ రెసిస్టర్‌ని ఊరికే టేబుల్ మీద పెట్టినా గది వేడికి దాంట్లో పుట్టే నాయిస్సే మైనస్ 131 దగ్గర ఉంటుంది, అంతకంటే కిందికి ఏ కంపెనీ వాడూ తీసుకెళ్లలేడు, అది ఫిజిక్స్. సో చవక డబ్బాకీ లక్ష రూపాయల ప్రీఆంప్‌కీ ఈ విషయంలో ఉన్న తేడా నాలుగైదు డీబీలు, నీ గది రొదేమో ఆ చవక డబ్బా హిస్ కంటే కూడా 14 డీబీ పైన ఉంది. ఫ్యాన్ వేశావనుకో, ఆ 35 కాస్తా 50 అవుతుంది, అప్పుడు తేడా 29 డీబీ. ఆ రికార్డింగులో ప్రీఆంప్ హిస్ ఎవరికీ వినపడదు, వినపడేది ఫ్యానే.

అందుకే "ఏది నాయిస్ తక్కువ" అన్న ప్రశ్నతో కొనకు. ఈ మూడు డబ్బాల మధ్య నిజమైన తేడాలు వేరే చోట ఉన్నాయి: డ్రైవర్, ఇన్‌పుట్లు ఎన్ని, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఎంత వరకు వెళ్తుంది, హెడ్‌ఫోన్‌లో ఎంత సౌండ్ వస్తుంది. వీటిల్లో ఏది తేడా కొట్టినా రోజూ ఇబ్బందే.

డ్రైవర్ దగ్గర మొదలుపెడదాం. విండోస్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌తో పెద్దగా ఆలస్యం లేకుండా మాట్లాడటానికి ఆసియో అనే రకం డ్రైవర్ కావాలి. 202హెచ్‌డీకీ స్కార్లెట్‌కీ కంపెనీ వాళ్లు రాసిన సొంత ఆసియో డ్రైవర్ ఉంది. యూఎం2 కి అలాంటిది లేదు, ఆసియో4ఆల్ అనే ఫ్రీ డ్రైవర్‌తో నడిపించుకోవాలి, అది విండోస్ మామూలు డ్రైవర్ మీద కూర్చుని పనిచేసే ఏర్పాటు. పనిచేస్తుంది, నేను కాదనను, కానీ యూట్యూబ్ ఓపెన్ చేసి ఉంటే రీపర్‌లో (అది రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) సౌండ్ రాదు, రీపర్ ఓపెన్ చేస్తే బ్రౌజర్ మూగబోతుంది, ఒక విండోస్ అప్‌డేట్ వచ్చాక బఫర్ (లాప్‌టాప్ ఒక్కో విడతలో తీసుకునే సౌండ్ ముక్క) సెట్టింగులు మళ్లీ మొదటికొస్తాయి. పాడే మూడ్‌లో కూర్చున్న మనిషి అరగంట ఈ డ్రైవర్‌తో కుస్తీ పడితే ఆ రోజు పాట అయిపోయినట్టే. యూఎం2 16 బిట్ అని చాలామంది కొట్టిపారేస్తారు, నా దృష్టిలో అది అంత పెద్ద లోపం కాదు, 16 బిట్‌లో 96 డీబీ రేంజ్ ఉంటుంది, నీ గదిలో రొదకీ గొంతుకీ మధ్య దూరమే 50, 60 డీబీ. 24 బిట్ ఉంటే లాభమేంటంటే లెవెల్ బాగా తక్కువ పెట్టుకుని, పీకులు మైనస్ 12, మైనస్ 18 దగ్గర ఉంచుకుని, పై స్థాయిలో ఒక్కసారి గొంతెత్తినా పగిలిపోతుందేమో అన్న భయం లేకుండా పాడొచ్చు. ఆ సుఖం కోసం 24 బిట్ తీసుకో. కానీ యూఎం2 వద్దని నేను చెప్పే అసలు కారణం డ్రైవరే.

192 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్ (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందనే లెక్క) గురించి కూడా అడిగావు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది గదికి ఒక పరదా కూడా కట్టకుండా 192 గురించి ఆలోచించడం. 48 పెట్టుకో చాలు, వీడియోకి కూడా అదే సరిపోతుంది. 48 లో 24 బిట్ మోనో ట్రాక్ నిమిషానికి 8.6 ఎంబీ, 192 లో 34 ఎంబీ పైన, లాప్‌టాప్ ఊరికే అలిసిపోతుంది తప్ప నీ గొంతులో ఏమీ మారదు.

ఇప్పుడు ఇన్‌పుట్లు. నీ కేసులో నిర్ణయం మొత్తం ఇక్కడే ఉంది, నువ్వేమో దీని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. మీ అక్క వీణని ఎలా రికార్డ్ చేద్దామనుకుంటున్నారు? కాంటాక్ట్ మైక్ (వీణకే అంటించే పికప్) అతికించా, లేక ముందు మైకు పెట్టా? సోలోలో మైకు ప్రీఆంప్ ఒక్కటే, రెండోది లైన్ లేదా ఇన్‌స్ట్రుమెంట్ జాక్. కాంటాక్ట్ మైక్ అయితే ఆ జాక్‌లో ఇన్‌స్ట్ మోడ్ పెట్టి గుచ్చితే సరిపోతుంది, ఇద్దరూ ఒకేసారి రెండు ట్రాకుల్లో రికార్డ్ అవుతారు. ఇక్కడ ఒక జాగ్రత్త, కాంటాక్ట్ మైక్ పీజో (అదురుని సిగ్నల్‌గా మార్చే బిళ్ల) కాబట్టి దానికి బాగా ఎక్కువ ఇంపీడెన్స్ (కరెంటుకి ఇచ్చే అడ్డు) ఉన్న ఇన్‌పుట్ కావాలి, ఇన్‌స్ట్ బటన్ నొక్కకుండా లైన్‌లో పెడితే మంద్ర స్థాయి తీగ సౌండ్ సన్నబడిపోయి రేకు డబ్బా మీద కొట్టినట్టు వస్తుంది, చాలామంది అది చూసి వీణ బాలేదనో పికప్ పాడైందనో అనుకుంటారు. బటన్ ఒక్కటే మారాలి.

కానీ నన్నడిగితే స్టేజీ మీద కాంటాక్ట్ మైక్ ఓకే, రికార్డింగ్‌కి మాత్రం వీణ ముందు మైకు పెట్టడమే అందం. కుండకి ఒక అడుగు దూరంలో, బ్రిడ్జి వైపు కాకుండా బ్రిడ్జికీ మెట్లకీ మధ్య చూసేలా పెడితే మీటు, గమకం, ఆ చెక్క పలికే పలుకు, మూడూ వస్తాయి. కాంటాక్ట్ మైక్‌లో ఆ చెక్క పలుకు రాదు, తీగ మాత్రమే వస్తుంది. అలా రెండు మైకులు కావాలంటే సోలో కుదరదు, రెండు ప్రీఆంపులున్న 202హెచ్‌డీ కావాలి, లేదా సెకండ్ హ్యాండ్‌లో స్కార్లెట్ 2ఐ2.

ఇంకో దారి కూడా ఉంది. శ్రుతి, క్లిక్ (తాళానికి టిక్ టిక్ మనే సౌండ్) పెట్టుకుని ముందు వీణ, తర్వాత గొంతు విడివిడిగా రికార్డ్ చేసుకుంటే ఒక్క ప్రీఆంప్ చాలు, ఒకదాంట్లోకి ఇంకోటి కారదు, మిక్సింగ్ కూడా తేలిక. సినిమా పాటల కవర్లకి ఇదే మంచిది. కానీ మీ ఇద్దరూ కీర్తనలు కూడా చేస్తున్నామన్నావు, ఆలాపన, స్వరకల్పన ఉన్న చోట ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడాలి, వాయించాలి. క్లిక్‌కి కట్టేస్తే ప్రాణం పోతుంది. ఇది నేను చాలాసార్లు చూశాను, విడివిడిగా తీసినప్పుడు తాళం కరెక్టుగా ఉంటుంది కానీ విన్నవాళ్లు రెండో నిమిషంలోనే ఆపేస్తారు. అందుకని నీకు రెండు ప్రీఆంపులే కావాలని నా గట్టి అభిప్రాయం.

గెయిన్ గురించి. నీ 58 లాంటి డైనమిక్ మైకులకి (కరెంటు ఇవ్వక్కర్లేని రకం) గెయిన్ ఎక్కువ కావాలి. ఎస్ఎం7బీ అనే మైకు అయితే ష్యూర్ వాళ్లే కనీసం 60 డీబీ గెయిన్ కావాలంటారు, సోలో నాలుగో జనరేషన్ మ్యాక్సిమం 57 డీబీ, అందుకే ఆ జతతో చాలామంది బూస్టర్ (గెయిన్ ఇంకాస్త పెంచే చిన్న డబ్బా) కొనాల్సి వస్తుంది. నీది ఎస్ఎం58, దానికన్నా 4 డీబీ పైగా ఎక్కువ ఇస్తుంది, పాడేటప్పుడు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంటుంది కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు, బూస్టర్ కొనమని ఎవరైనా చెప్తే వినకు. వీణ ముందు పెట్టడానికి మాత్రం 58 చాలదు, అడుగు దూరంలో వీణ సౌండ్ చాలా తక్కువ, నాబ్ చివరిదాకా తిప్పాల్సి వస్తుంది. అక్కడ కండెన్సర్ మైకు (కరెంటు తీసుకుని ఎక్కువ సిగ్నల్ ఇచ్చే రకం) కావాలి. ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటిది అదే సౌండ్‌కి 14 మిల్లీవోల్టులు ఇస్తుంది, నీ 58 కంటే ఏడు రెట్లకి పైనే. ఇప్పుడే కొనక్కర్లేదు, రెండు మూడు నెలలు ఆగి కొను, ఈలోపు కాంటాక్ట్ మైక్‌తో లాగించండి. కండెన్సర్ వచ్చాక 48 వోల్టుల ఫాంటమ్ (మైకు కేబుల్ మీదే మైకుకి వెళ్లే కరెంటు) ఆన్ చేయాలి, 202 లో ఆ స్విచ్ వెనకాల ఉంటుంది, రెండు ఇన్‌పుట్లకీ కలిపి ఒకటే. మంచి ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు) కేబుల్ మీద ఉన్నంతవరకు 58 కి దానివల్ల ఏమీ కాదు, భయపడకు. ఆన్ చేసే ముందు మాత్రం హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించు.

ఆన్‌లైన్‌లో బీఎం800 మైకుతో కలిపి కిట్టుగా అమ్మే వీ8 సౌండ్ కార్డులు చూసి ఉంటావు, చప్పట్ల సౌండ్లు, గొంతు మార్చే బటన్లు ఉంటాయి. లైవ్‌లో సరదాకి పనికొస్తుంది, నువ్వు చేసే పనికి పనికిరాదు. అంతే.

హెడ్‌ఫోన్ విషయంలో చాలామంది కొన్నాక బాధపడతారు. ఇవన్నీ యూఎస్‌బీ పవర్ మీద నడిచేవి, యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీఆంపులు, అంటే మొత్తం రెండున్నర వాట్లు. అందులోనే ఫాంటమ్, ప్రీఆంప్, కన్వర్టర్ (సౌండ్‌ని అంకెలుగా మార్చే భాగం), హెడ్‌ఫోన్ ఆంప్ అన్నీ బతకాలి. 250 ఓమ్స్ స్టూడియో హెడ్‌ఫోన్ పెడితే సౌండ్ గొణుగుతున్నట్టు వస్తుంది. 32 నుంచి 80 ఓమ్స్ మధ్యలో, చెవులు మూసుకునే టైపు తీసుకో, ఓపెన్ టైపు అయితే తంబూరా, ట్రాక్ అంతా బయటికి కారి మైకులోకి వస్తుంది. ఇంటర్‌ఫేస్‌ని నేరుగా లాప్‌టాప్‌కే పెట్టు, మౌసూ పెన్‌డ్రైవూ ఉన్న చవక హబ్‌లో పెట్టకు.

ఇక లేటెన్సీ, అంటే పాడింది హెడ్‌ఫోన్‌లో వినపడేదాకా పట్టే ఆలస్యం. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిల్స్ బఫర్ పెడితే ఒక వైపుకి 5.3 మిల్లీసెకన్లు, రానూ పోనూ కన్వర్టర్లూ అన్నీ కలిపితే రెట్టింపు పైనే అవుతుంది. మిల్లీసెకనుకి సౌండ్ 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి ఇది నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్లో నీ గొంతు నువ్వు వింటున్నట్టు. కొంతమంది పాడేస్తారు, కొంతమందికి శ్రుతి జారుతుంది. అందుకే డైరెక్ట్ మానిటర్ ఉండాలి, అది మైకు సౌండ్‌ని లాప్‌టాప్‌లోకి వెళ్లకముందే హెడ్‌ఫోన్‌కి ఇచ్చేస్తుంది. దాంతో వచ్చే కంప్లైంట్ ఒకటే, గొంతు పొడిపొడిగా వినిపిస్తుంది, రెవర్బ్ (హాల్లో పాడినట్టు వచ్చే మోత) ఉండదు, మన పాడేవాళ్లకి కాస్త రెవర్బ్ లేకపోతే గొంతు విచ్చుకోదు. దానికి చిట్కా చెప్తాను: రీపర్‌లో నీ ట్రాక్ నుంచి రెవర్బ్ ట్రాక్‌కి సెండ్ ఇచ్చి, నీ ట్రాక్ అవుట్‌పుట్ మాస్టర్‌కి వెళ్లకుండా ఆపేసి, రెవర్బ్‌ని పూర్తిగా వెట్ (అసలు గొంతు లేకుండా మోత మాత్రమే) పెట్టు. గొంతు డైరెక్ట్‌గా వస్తుంది, రెవర్బ్ మాత్రం లాప్‌టాప్‌లోంచి పది మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, రెవర్బ్ అలా ఆలస్యంగా రావడమే సహజం కాబట్టి చెవికి తేడా తెలియదు. ఈ ఒక్క సెట్టింగ్ తర్వాత మళ్లీ మళ్లీ టేకులు అడిగే సింగర్లు రెండో టేకుకే ఓకే అనడం నేను చూశాను.

కొన్న రోజే చేయాల్సిన పరీక్షలు ఉన్నాయి, రిటర్న్ గడువు లోపల చేసెయ్, పదో రోజు చేసి లాభం లేదు. మొదటిది, మైకు పెట్టి గది నిశ్శబ్దంగా ఉంచి గెయిన్ నాబ్ సున్నా నుంచి చివరిదాకా మెల్లగా తిప్పుతూ రికార్డ్ చెయ్. చవక డబ్బాల్లో చివరి పదో వంతులో హిస్ ఒక్కసారిగా లేస్తుంది, ఎక్కడ లేస్తుందో గుర్తు పెట్టుకో, అంతకు మించి ఎప్పుడూ తిప్పొద్దు. తిప్పేటప్పుడు కరకరమని శబ్దం వస్తే నాబ్ బాలేదు, మార్పించుకో. రెండోది, లాప్‌టాప్ చార్జర్ పెట్టి, తీసి, రెండు రకాలుగా విను, మౌస్ కదుపుతూ, పేజీ స్క్రోల్ చేస్తూ విను. ఈల వేసినట్టు సన్నటి కూత వస్తే అది యూఎస్‌బీ పవర్‌లోంచి వచ్చేది, చార్జర్ తీస్తే పోతుందంటే ఎర్తింగ్ సమస్య, డబ్బా తప్పు కాదు, బ్యాటరీ మీద రికార్డ్ చేసుకో లేదా ఎర్త్ సరిగ్గా ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు వాడు. మూడోది, రీపర్‌లో రికార్డింగ్ ఆలస్యాన్ని తనే సరిదిద్దే సెట్టింగ్ ఆపేసి, అవుట్‌పుట్‌లోంచి ఇన్‌పుట్‌లోకి ఒక కేబుల్ పెట్టి క్లిక్ ట్రాక్ ప్లే చేసి రికార్డ్ చెయ్, రెండింటికీ మధ్య ఎన్ని శాంపిల్స్ తేడా వచ్చిందో చూడు, 48 లో 480 అంటే 10 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్ చూపించే అంకె నమ్మకు, ఇదే నిజం. తర్వాత రెండు ట్రాకులూ ఆన్ చేసి ఒక గంట ఆపకుండా రికార్డింగ్‌లో వదిలెయ్, మధ్యలో ఎక్కడైనా టిక్‌మని తెగిందా చూడు. మల్టీమీటర్ ఉంటే ఫాంటమ్ ఆన్ చేసి ఎక్స్‌ఎల్ఆర్ 1వ పిన్నుకీ 2వ పిన్నుకీ మధ్య కొలువు, తర్వాత 3వ పిన్ను కూడా, 44 నుంచి 52 వోల్టుల మధ్య ఉండాలి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇవే పరీక్షలు అమ్మేవాళ్ల ఇంట్లోనే చెయ్, యూఎస్‌బీ పోర్టు వదులుగా ఉందేమో కేబుల్ అటూ ఇటూ కదిపి చూడు.

ఒక అనుభవం చెప్పాలి. నేను మొదట్లో ఒక ఇంటర్‌ఫేస్ కొన్నాను, రికార్డ్ చేసిన ప్రతి ట్రాకులో జుయ్ మని రొద. కేబుల్స్ మార్చాను, కోఠి గుజరాతీ గల్లీకి పోయి కనెక్టర్లు తెచ్చి నేనే సోల్డరింగ్ చేశాను, చివరికి డబ్బాదే లోపమని తిరిగి పంపించేశాను. రెండోది వచ్చింది, అదే రొద. వారం తర్వాత ఒక రాత్రి ఫ్యాన్ పూర్తిగా ఆపితే రొద ఆగింది. ఫ్యాన్ గాలి కాదు, గోడకున్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్! అది కరెంటు వేవ్‌ని ముక్కలు ముక్కలుగా కోసి ఫ్యాన్‌కి ఇస్తుంది, ఆ కోతలే రొదగా మైకు వైర్లోకి ఎక్కుతున్నాయి. అప్పటిదాకా పాడిన పాటలన్నీ ఆ రొదతోనే ఉన్నాయి, ఆ సింగర్‌ని మళ్లీ పిలిచి పాడించాల్సి వచ్చింది, ఇప్పటికీ బాధేస్తుంది. లైట్ డిమ్మర్లూ అంతే. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కూడా రికార్డ్ చేయొద్దు, అదీ ఇలాగే రొద పెడుతుంది.

గది కోసం డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. మన ఇళ్లలో కింద టైల్స్, పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు, చప్పట్లు కొడితే గణగణ మోగుతుంది. పరుపు, బీరువా, బట్టలు ఎక్కువ ఉన్న గది ఎంచుకో, నీ వెనకాల గోడకి రెండు మందపాటి బొంతలు వేలాడదియ్, మైకు వింటున్నది ఆ గోడనే కాబట్టి వెనకాల అన్నాను. వేసవిలో ఫ్యాన్ లేకుండా కుదరకపోతే మైకుని స్టాండు మీద నోటికి కాస్త ఎత్తులో పెట్టి కిందికి వంచు. 58 కార్డియాయిడ్ మైకు, వెనకవైపు నుంచి వచ్చే సౌండ్‌ని తక్కువ తీసుకుంటుంది, అలా వంచితే దాని వీపు ఫ్యాన్ వైపు ఉంటుంది. స్టేజీ మీద పట్టుకున్నట్టు కింది నుంచి పైకి చూపిస్తే మైకు నేరుగా ఫ్యాన్‌నే వింటుంది.

సో నా మాట: 202హెచ్‌డీ తీసుకో. సోలో మంచిదే, నాలుగో జనరేషన్ కన్వర్టర్లు 120 డీబీ డైనమిక్ రేంజ్ దాకా వెళ్తాయి, నువ్వొక్కడివే పాడుకునేవాడివైతే అదే చెప్పేవాణ్ణి, కానీ దాని ధర నీ బడ్జెట్‌నంతా తినేస్తుంది, రెండో మైకుకి దారి ఉండదు. 202 తీసుకుంటే మిగిలిన దాన్నిబట్టి మంచి ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్, బరువైన మైకు స్టాండు, పాప్ ఫిల్టర్ (నోటి గాలి దెబ్బ మైకుకి తగలకుండా ఆపే జాలీ), మూసుకునే హెడ్‌ఫోన్ చూసుకోవచ్చు. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, ఈలోపు నీకు చేయి తిరుగుతుంది.

డబ్బా వచ్చాక ఆ రాత్రే 30 సెకన్లు మామూలు గదిలో, 30 సెకన్లు బొంతలు కట్టాక, అదే పల్లవి, అదే గెయిన్‌లో పాడి రెండూ నాకు పంపు. వేవ్ ఫైల్‌గా పంపు, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పెట్టు, వాయిస్ మెసేజ్‌గా పంపితే నొక్కేసి పంపుతుంది, నాకేమీ తెలియదు. అక్క వీణ మంద్ర పంచమం ఒక్కసారి మీటి ఆగేదాకా వదిలేసింది కూడా ఒకటి పంపు, ఇన్‌స్ట్ బటన్ సరిగ్గా ఉందో లేదో ఆ ఒక్క మీటుతో చెప్పేస్తాను.